తక్కువ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌కి ఏ లినక్స్ నప్పుతుంది?

మా పెదనాన్నగారు రిటైరైన తెలుగు పండిట్. ఆయన ముందు గదిలో దుమ్ము పడకుండా పాత పంచె కప్పి ఉంచిన కంప్యూటర్ ఒకటుంది. పెంటియం 4 ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, 80 జీబీ హార్డ్ డిస్క్, అందులో విండోస్ ఎక్స్‌పీ. స్విచ్ వేసి, కాఫీ తాగి, గ్లాసు కడిగి వచ్చేసరికి గానీ డెస్క్‌టాప్ కనిపించేది కాదు. "నాకు సినిమాలొద్దు, ఆటలొద్దురా. భాగవత పద్యాలకి రాసుకున్న తాత్పర్యాలు నాలుగు నోటుబుక్కులున్నాయి. అవి ఇందులో ఎక్కించుకుంటే చాలు. దీన్ని పాత సామానువాడికి వేసేయకుండా ఏమైనా చెయ్యగలవా?" అని అడిగారు.

ఆ పని అయ్యేలోపే ఇంకో రెండు నా దగ్గరికి చేరాయి. ఒకటి మా అక్క కూతురి నెట్‌బుక్. ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, టిక్కు టిక్కుమంటున్న హార్డ్ డిస్క్. రెండోది మా వీధి కిరాణా కొట్టు బాబాయ్‌ది. కోర్ 2 డ్యూయో, 2 జీబీ. మూడింటికీ విండోస్ బదులు ఒకే లినక్స్ (ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్, రకరకాల పేర్లతో వస్తుంది) వేసేద్దామనుకుని మొదలుపెట్టాను. చివరికి మూడింటికీ మూడు వేరువేరు లినక్స్‌లు వేయాల్సి వచ్చింది. మెషీన్‌లో ఏముందో, దాని ముందు కూర్చునే మనిషికి ఏం పని ఉందో చూశాకే లినక్స్ పేరు గురించి ఆలోచించాలని నాకు అప్పుడే బాగా తెలిసింది.

ముందు మెషీన్‌ని తెలుసుకోండి

ర్యామ్ ఎంతో విండోస్‌లో మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే తెలుస్తుంది. 512 ఎంబీ ఉన్నచోట 448 అనో 480 అనో కనిపిస్తే కంగారుపడొద్దు. బోర్డులోనే ఉన్న గ్రాఫిక్స్ చిప్ మిగతాది తన వాటాగా తీసుకుంటుంది. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల తెర) వెళ్లి ఆ వాటాని 8 ఎంబీకో 16 ఎంబీకో తగ్గించే వీలుంటే తగ్గించండి. ఇంత చిన్న మెషీన్‌లో ఆ 32, 64 ఎంబీలు కూడా పనికొస్తాయి.

తర్వాత చూడాల్సింది ప్రాసెసర్ 32-బిట్టా, 64-బిట్టా (అంటే ఒక్కసారికి ఎంత డేటా పట్టుకోగలదు) అన్నది. కోర్ 2 డ్యూయోలన్నీ 64-బిట్. ఆటమ్ ఎన్270 వట్టి 32-బిట్. పెంటియం 4లో తొలితరం 32-బిట్, చివర్లో వచ్చినవాటిలో కొన్ని 64-బిట్. ఇది ఇప్పుడు చాలా ముఖ్యం, ఎందుకంటే 32-బిట్ తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. ఉబుంటు కుటుంబం ఎప్పుడో వదిలేసింది. చాలా లినక్స్‌లకి పునాది డెబియన్. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13, పాత 32-బిట్ మెషీన్లకి ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ కూడా 145వ వెర్షన్ నుంచి 32-బిట్ లినక్స్‌ని వదిలేసింది. అందుకే ఈరోజు 32-బిట్ మెషీన్‌కి వేసే లినక్స్‌లలో చాలావి డెబియన్ 12 మీదే ఆధారపడి ఉంటాయి. డెబియన్ 12కి దీర్ఘకాల భద్రతా అప్‌డేట్లు 2028 జూన్ వరకు వస్తాయి. అంటే మీ 32-బిట్ మెషీన్‌కి నెట్‌లో సురక్షితంగా తిరిగే ఆయుష్షు ఇంకా కొంత ఉంది. ఆ తర్వాత నెట్ తీసేసి రాసుకోవడానికి, పాటలకి ఎన్నాళ్లయినా వాడుకోవచ్చు.

పెంటియం 3, అథ్లాన్ ఎక్స్‌పీ లాంటి ఇంకా పాత ప్రాసెసర్లయితే వాటిలో ఎస్‌ఎస్‌ఈ2 అనే సదుపాయం లేదు, ఇప్పటి ఫైర్‌ఫాక్స్ వాటిలో తెరుచుకోనే తెరుచుకోదు. వాటితో నెట్ చూడాలన్న ఆశ వదిలేయండి.

మెమరీని తినేది బ్రౌజర్

లినక్స్ ఏది తేలికైనదని అడిగినప్పుడు అందరూ ఒకే లెక్క చెబుతారు: ఆన్ చేశాక ఖాళీగా ఉన్నప్పుడు ఎంత మెమరీ వాడుతోంది అని. నేను చూసిన అంకెలు సుమారుగా ఇవి. టైనీ కోర్ 50 ఎంబీ లోపు, యాంటీఎక్స్ 150 ఎంబీ చుట్టుపక్కల, పప్పీ దానికి కొంచెం పైన, లుబుంటు 400 ఎంబీ పైమాటే. ఈ అంకెలు చూసి చాలామంది టైనీ కోర్ దగ్గర ఆగిపోతారు. కానీ ఆ పక్కనే ఫైర్‌ఫాక్స్ తెరిచి ఒక వార్తల సైటు పెట్టండి. ఆ ఒక్క ట్యాబే 400, 500 ఎంబీ లాగేస్తుంది. ఇక యాంటీఎక్స్‌కీ టైనీ కోర్‌కీ మధ్య ఉన్న ఆ 100 ఎంబీ తేడా ఏ మూలకి?

కాబట్టి మీకు కావలసింది నెట్ అయితే, 512 ఎంబీలో ఏ లినక్స్ వేసినా ఇప్పటి సైట్లు హాయిగా నడవవు. ఇది ముందే చెప్పుకోవడం మంచిది. 1 జీబీలో ఒకటి రెండు ట్యాబులు, ఓపికగా. 2 జీబీలో నాలుగైదు ట్యాబులు పర్వాలేదు. నెట్‌సర్ఫ్, డిల్లో లాంటి చిన్న బ్రౌజర్లు 512లో కూడా చకచకా తెరుచుకుంటాయి, కానీ జావాస్క్రిప్ట్ మీద నడిచే సైట్లు వాటిలో పనిచేయవు. వికీపీడియా చదువుకోవచ్చు గానీ పరీక్ష ఫారం నింపలేరు, బ్యాంకు సైటు తెరవలేరు. అలాంటి పనులకి ఫోన్ వాడుకోండి.

యూట్యూబ్‌కి మాత్రం ఒక దారి ఉంది. బ్రౌజర్‌లో కాకుండా వైటీ-డీఎల్‌పీ అనే చిన్న ప్రోగ్రామ్‌తో వీడియోని 360పీలో తెప్పించి ఎంపీవీ ప్లేయర్‌లో చూస్తే, బ్రౌజర్‌లో ముక్కలు ముక్కలుగా ఆడే పాఠం ఆటమ్ నెట్‌బుక్‌లో కూడా సాఫీగా ఆడుతుంది. మా అక్క కూతురు గ్రూప్స్ పాఠాలు అలాగే చూస్తోంది. బ్రౌజర్‌లోనే చూడాలంటే హెచ్264ఐఫై అనే ఎక్స్‌టెన్షన్ వేయండి. పాత చిప్పులకి చేతకాని కొత్త వీడియో ఫార్మాట్లకి బదులు హెచ్264నే పంపమని అది యూట్యూబ్‌ని అడుగుతుంది.

యాంటీఎక్స్: చాలామందికి నా మొదటి సలహా

యాంటీఎక్స్ గ్రీస్‌లో పుట్టిన డిస్ట్రో, అంటే లినక్స్‌లో ఒక రకం. డెబియన్ మీద కట్టింది కానీ ఆన్ అయ్యేటప్పుడు మిగతావన్నీ లేపి నడిపే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్ లేదు, గ్నోమ్, కేడీఈ లాంటి బరువైన డెస్క్‌టాప్ లేదు. ఐస్‌డబ్ల్యూఎం అనే విండో మేనేజర్‌తో వస్తుంది. కింద టాస్క్‌బార్, మూలన మెనూ, కుడి పక్కన గడియారం ఉంటాయి కాబట్టి ఎక్స్‌పీ వాడినవాళ్లకి కొత్తగా అనిపించదు. 2023 ఆగస్టులో వచ్చిన యాంటీఎక్స్ 23 డెబియన్ 12 మీద ఉంది, 32-బిట్‌లోనూ 64-బిట్‌లోనూ దొరుకుతుంది. పాత సెంట్రినో ల్యాప్‌టాప్‌లలోని పెంటియం ఎం చిప్పులు పీఏఈ అనే సదుపాయం లేదని చెప్పి చాలా లినక్స్‌లని మధ్యలోనే ఆపేస్తాయి. యాంటీఎక్స్ 32-బిట్ కెర్నల్ ఆ పీఏఈ అడగదు.

నాకు దీనిలో అన్నిటికంటే నచ్చింది, ఇంత తేలికగా ఉండి కూడా డెబియన్ రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ల గోదాము) మొత్తం అందుబాటులో ఉండడం. ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నా వెతుక్కుని వేసుకోవచ్చు, అప్‌డేట్లు మామూలుగా వస్తాయి. పెదనాన్నగారి పెంటియం 4కి ఇదే వేశాను. ఆన్ చేశాక టెర్మినల్‌లో ఫ్రీ అనే కమాండ్ కొట్టి చూస్తే ఇంకా 300 ఎంబీ పైగా మిగిలే ఉంది. ఇక్కడ ఒక చిన్న మాట: ఆ పట్టీలో 'ఫ్రీ' అన్న గడిని చూడకండి, 'అవైలబుల్' అన్నదాన్ని చూడండి. ఖాళీగా పడున్న మెమరీని లినక్స్ డిస్క్ కాష్‌కి వాడుకుంటుంది, ప్రోగ్రామ్ అడిగితే వెంటనే వదిలేస్తుంది. 'ఫ్రీ' గడిలో 20 ఎంబీ చూసి టెన్షన్ పడి మళ్లీ ఇంకో లినక్స్ వేసుకున్నవాళ్లున్నారు.

లోటు ఏమిటంటే, దీని మెనూలు చిక్కగా ఉంటాయి. ఒకే పనికి మూడు నాలుగు ప్రోగ్రామ్‌లు, వాటి పేర్లు కూడా అర్థం కానివి. ఇంట్లో పెద్దవాళ్లకి ఇచ్చేముందు ఓ గంట కూర్చుని వాళ్లకి కావలసిన నాలుగు బొమ్మలు మాత్రమే డెస్క్‌టాప్ మీద పెట్టి ఇవ్వండి. పెదనాన్నగారికి నేను మూడే పెట్టాను. రాసుకోవడానికి ఒకటి, ఫైళ్లకి ఒకటి, ఆపేయడానికి ఒకటి.

పప్పీ: డిస్క్ పోయిన మెషీన్‌కి ప్రాణం

బ్యారీ కౌలర్ అనే ఆస్ట్రేలియా ఆయన 2003లో మొదలుపెట్టిన పప్పీ లినక్స్ తీరే వేరు. దాన్ని డిస్క్ మీద పరిచి ఇన్‌స్టాల్ చెయ్యనక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో కొన్ని పెద్ద ఫైళ్లుగా ఉంటుంది. బూట్ అయ్యేటప్పుడు ర్యామ్ సరిపోతే ఆ ఫైళ్లని పూర్తిగా ర్యామ్‌లోకి ఎక్కించుకుని అక్కడి నుంచే నడుస్తుంది. సరిపోకపోతే కావలసిన ముక్క కావలసినప్పుడు పెన్‌డ్రైవ్ నుంచి చదువుకుంటుంది. మీరు చేసిన మార్పులు, రాసుకున్న ఫైళ్లు ఒక సేవ్ ఫైల్‌లోకి వెళ్తాయి.

హార్డ్ డిస్క్ టిక్కుమంటున్న ఆ నెట్‌బుక్‌కి ఇంతకంటే మంచి మందు లేదు. డిస్క్‌ని ఊడదీసి పక్కన పెట్టేశాను. పప్పీలో ఒక రకమైన బుక్‌వర్మ్‌పప్ 32-బిట్‌ని 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. ఫ్యాను తప్ప ఇంకే చప్పుడూ లేని ఆ మెషీన్‌లో ఇప్పుడు పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు మ్యూపీడీఎఫ్‌లో పేజీ తిప్పినట్టే తిరుగుతున్నాయి.

కానీ దీనికి అలవాటు పడాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిసారి ఆపేటప్పుడు సేవ్ ఫైల్ తయారు చెయ్యమంటావా అని అడుగుతుంది. అప్పుడు వద్దంటే ఆరోజు చేసిందంతా పోయినట్టే. ఫైల్ ఒక్క క్లిక్‌కే తెరుచుకుంటుంది, డబుల్ క్లిక్ అలవాటున్న చేతికి రెండు రెండు తెరుచుకుంటాయి. అన్నిటికంటే పెద్దది, పప్పీలో మీరు ఎప్పుడూ రూట్ హోదాలోనే ఉంటారు. అంటే ఏ ప్రోగ్రామ్‌కైనా అన్ని అధికారాలూ ఉంటాయి. చదువుకోవడానికి, పాటలకి, చచ్చిపోయిన విండోస్ డిస్క్ నుంచి ఫొటోలు లాగడానికి నేను కళ్లు మూసుకుని పప్పీ అంటాను. బ్యాంకు పనికి మాత్రం వద్దంటాను.

పెన్‌డ్రైవ్‌తో నడిచే పద్ధతి నచ్చి, రూట్ సంగతి మాత్రం నచ్చకపోతే, యాంటీఎక్స్ కూడా పెన్‌డ్రైవ్ మీద పెర్సిస్టెన్స్ (మార్పులు మిగిలేలా చేసే ఏర్పాటు) పెట్టుకుని అచ్చంగా అలాగే నడుస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది ఈ రెండింటి మధ్య అనవసరంగా ఊగిసలాడతారు.

టైనీ కోర్, డీఎస్‌ఎల్, మిగతావి

టైనీ కోర్‌ని చూస్తే నిజంగా ముచ్చటేస్తుంది. డెస్క్‌టాప్‌తో సహా 20 ఎంబీ పైచిలుకు, అంటే నాలుగైదు పాటలంత సైజు. 64 ఎంబీ ర్యామ్‌లో కూడా లేచి కూర్చుంటుంది. కానీ అందులో వంటింట్లో పొయ్యి తప్ప ఏమీ ఉండదు. వైఫై, బ్రౌజర్, ఎడిటర్ అన్నీ ఎక్స్‌టెన్షన్లుగా మీరే తెచ్చుకోవాలి. ఆపేముందు బ్యాకప్ చెయ్యడం మర్చిపోతే మీ మార్పులు మిగలవు. 128, 256 ఎంబీ మాత్రమే ఉన్న మెషీన్ చేత ఒకే ఒక్క పని చేయించాలంటే దీన్ని చూడండి. ఇంట్లో మనుషులు వాడే కంప్యూటర్‌కి నేను చెప్పను, అందులోనూ తెలుగు రాసేవాళ్లకి అస్సలు చెప్పను. కారణం కింద చెబుతాను.

ఒకప్పుడు 50 ఎంబీలో ఒదిగిన డ్యామ్ స్మాల్ లినక్స్ (డీఎస్‌ఎల్) చాలా ఏళ్లు ఆగిపోయి 2024లో మళ్లీ వచ్చింది. ఇప్పుడది యాంటీఎక్స్ మీద కట్టింది, 700 ఎంబీలో, అంటే ఒక సీడీలో పట్టేలా చేశారు. యూఎస్‌బీ నుంచి బూట్ కాని, డీవీడీ చదవని, వట్టి సీడీ డ్రైవ్ ఉన్న మెషీన్ మీ దగ్గరుంటే ఇది దేవుడు పంపినట్టే. లేదంటే నేరుగా యాంటీఎక్స్ వేసుకోండి.

2 జీబీ ఉంటే కథ మారుతుంది. అక్కడ ఎంఎక్స్ లినక్స్ ఫ్లక్స్‌బాక్స్, బోధి, క్యూ4ఓఎస్ ట్రినిటీ అన్నీ నడుస్తాయి. కిరాణా కొట్టు బాబాయ్‌కి క్యూ4ఓఎస్ వేశాను. పాత కేడీఈ 3.5 డెస్క్‌టాప్‌ని ట్రినిటీ పేరుతో బతికించుకుంటూ వస్తున్నారు, అది ఇందులో వస్తుంది. స్టార్ట్ బటన్ ఎక్కడుండాలో అక్కడే ఉంది. "ఏం మారలేదే!" అన్నాడు బాబాయ్ చూడగానే. ఉద్దెర ఖాతాల ఎక్సెల్ ఫైలు లిబ్రేఆఫీస్‌లో తెరిచి చూపించాక ఇంకేమీ అడగలేదు. లుబుంటు 2 జీబీలో నడుస్తుంది కానీ బ్రౌజర్ తెరిచాక ఊపిరాడదు. లినక్స్ మింట్‌కి వాళ్లు చెప్పే కనీసం కూడా 2 జీబీయే, హాయిగా వాడాలంటే 4 అని వాళ్లే రాశారు. ఎంత అందంగా ఉన్నా, మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలి.

1 జీబీ ఉండి ప్రాసెసర్ 64-బిట్ అయితే ఏది వేయాలని తరచూ అడుగుతారు. 32-బిట్ వెర్షన్ మెమరీ తక్కువ తింటుంది, 64-బిట్‌కి ముందు ముందు అప్‌డేట్లు ఎక్కువ కాలం వస్తాయి. నెట్ వాడేవాళ్లయితే 64-బిట్ యాంటీఎక్స్ వేసి కొంచెం నెమ్మదిని భరించండి. నెట్ లేకుండా వాడేవాళ్లయితే 32-బిట్ చాలు.

తెలుగు సంగతి

తేలిక లినక్స్‌ల గురించిన సలహాల్లో తెలుగు ఊసే ఉండదు. కానీ నేను పెదనాన్నగారి కోసం ఎక్కువ తిప్పలు పడింది ఇక్కడే.

ముందు టైనీ కోర్ వేసి, దానిలో ఎఫ్‌ఎల్‌టీకే అనే టూల్‌కిట్‌తో (ప్రోగ్రామ్‌ల కిటికీలు, బటన్లు, అక్షరాలు గీసే సరంజామా) చేసిన ఎడిటర్ తెరిచాను. అక్షరాలు కనిపించాయి. కానీ 'శ్రీ' రాస్తే శ, దాని పక్కన విడిగా హల్లు గుర్తు, ఆ పక్కన ర, ఎక్కడో గాల్లో గుడి దీర్ఘం. పెదనాన్నగారు కళ్లజోడు సర్దుకుని చూసి, "మొదటి అక్షరమే ఇలా విరిగిపోతే పద్యం ఎలా ఎక్కుతుందిరా" అన్నారు. ఎఫ్‌ఎల్‌టీకే 1.3లో అక్షరాలని గుణింతం, ఒత్తులతో కలిపి కట్టే ఏర్పాటు లేదు. డిల్లో బ్రౌజర్‌దీ అదే టూల్‌కిట్ కాబట్టి అందులోనూ తెలుగు పేజీలు విరిగే కనిపిస్తాయి. జీటీకే, క్యూటీ అనే వేరే టూల్‌కిట్ల మీద చేసిన ప్రోగ్రామ్‌లలో ఈ బెడద లేదు. లీఫ్‌ప్యాడ్, జియానీ, అబీవర్డ్, జీటీకే నెట్‌సర్ఫ్, వీటన్నిటిలో ఒత్తులు చక్కగా వాటి చోట కూర్చుంటాయి. ఏ లినక్స్ వేసినా సరే, ముందు 'శ్రీ', 'క్ష', 'స్త్రీ', 'రాష్ట్రం' రాసి చూసుకోండి.

ఫాంట్లు చిన్న విషయమే. డెబియన్ రిపాజిటరీలో లోహిత్ తెలుగు, పోతన, వేమన ఫాంట్లున్నాయి. పప్పీలో తెలుగు డబ్బాలుగా కనిపిస్తే ఫాంట్ ఫైలుని మీ హోమ్ ఫోల్డర్‌లోని ఫాంట్ల ఫోల్డర్‌లో వేసి ఒకసారి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్తే సరి.

టైపింగ్‌కి చాలామంది వెంటనే ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్ వేసుకుంటారు. అది ఎప్పుడూ వెనక నడుస్తూ, 512 ఎంబీ మెషీన్‌లో గుర్తించదగ్గంత మెమరీ పట్టుకుని కూర్చుంటుంది. దానికి బదులు లినక్స్ కీబోర్డ్ లేఅవుట్లలోనే ఇండియా కింద తెలుగు ఉంది. అదే ఇన్‌స్క్రిప్ట్. దానికి విడిగా ప్రోగ్రామ్ ఏదీ నడవదు, మెమరీ ఖర్చు లేదు. ఇంగ్లీషుకీ తెలుగుకీ మారడానికి ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కేలా పెట్టుకోవచ్చు. 'శ్రీ' రావాలంటే షిఫ్ట్‌తో ఎం, తర్వాత డి, జె, ఆర్. ఎంతో కష్టమనుకున్నాను గానీ హల్లులు కుడి చేతి వైపు, అచ్చులు ఎడమ చేతి వైపు ఉన్నాయని చెప్పగానే పెదనాన్నగారు అట్టముక్క మీద గళ్లు గీసుకుని మానిటర్ పక్కన అంటించుకున్నారు. రెండో వారానికి అట్ట చూడడం తగ్గింది. అసలు ఇన్‌స్క్రిప్ట్ రానివాళ్లకి, రోమన్‌లో కొట్టి తెలుగు రప్పించుకునేవాళ్లకి మాత్రం ఐబస్ తప్పదు. అదే జాబితాలో కగప ఫొనెటిక్ లేఅవుట్ కూడా ఉంది, ఐబస్ జోలికి వెళ్లేముందు దాన్నొకసారి ప్రయత్నించండి.

వేసేటప్పుడు

ఏది ఎంచుకున్నా ముందు లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి, డిస్క్‌ని ముట్టుకోకండి. ఇంకో కంప్యూటర్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఐఎస్‌ఓని (లినక్స్ మొత్తం ఉన్న ఒక్క ఫైలు) పెన్‌డ్రైవ్‌కి ఎక్కించవచ్చు. వెంటాయ్ అయితే ఒకే పెన్‌డ్రైవ్‌లో నాలుగైదు ఐఎస్‌ఓలు పెట్టుకుని వరుసగా చూడొచ్చు, పోల్చుకోవడానికి అదే సుఖం. పాత బోర్డుల బయోస్‌లో పెన్‌డ్రైవ్ 'యూఎస్‌బీ' అని కాకుండా హార్డ్ డిస్కుల జాబితాలో దాక్కుని ఉంటుంది, అక్కడ పైకి జరపాలి. అసలు యూఎస్‌బీ బూటే లేకపోతే ప్లాప్ బూట్ మేనేజర్‌ని సీడీలో రాసి దాని ద్వారా పెన్‌డ్రైవ్‌ని లేపవచ్చు.

పెదనాన్నగారి మెషీన్‌లో లైవ్‌గా నెట్ పెట్టి చూస్తే ఏ సైటు తెరిచినా సురక్షితం కాదని ఒకటే హెచ్చరిక. అరగంట వైర్లు, సెట్టింగులు అన్నీ వెతికాను. చివరికి కింద మూలన గడియారం చూస్తే అది 2003 జనవరిలో ఉంది. మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయింది. సెక్యూరిటీ సర్టిఫికెట్లు తారీఖు చూసే నమ్ముతాయి కదా. సీఆర్2032 సెల్ ఒకటి వాచీల కొట్టులో తెచ్చి వేసి తారీఖు సరిచేస్తే అన్ని సైట్లూ తెరుచుకున్నాయి. ఏళ్లుగా పక్కన పడున్న ఏ మెషీన్‌కైనా లినక్స్ కంటే ముందు ఈ సెల్ మార్చండి. మూత తీశారు కాబట్టి ఫ్యానులో దుమ్ము కూడా బ్రష్‌తో దులిపేయండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు) తప్పనిసరిగా పెట్టండి. 512 ఎంబీ ర్యామ్‌కి 1 నుంచి 2 జీబీ స్వాప్ నాకు సరిపోయింది. దానితోపాటు జెడ్‌ర్యామ్ కూడా పెట్టుకుంటే మంచిది. అది ర్యామ్‌లో కొంత భాగాన్ని కుదించి దాచుకునే చోటుగా వాడుతుంది, నెమ్మదైన హార్డ్ డిస్క్ దాకా వెళ్లడం తగ్గుతుంది. పాత ప్రాసెసర్‌కి కుదించే పని భారం కాకుండా ఎల్‌జెడ్4 పద్ధతి ఎంచుకోండి.

ఖర్చు పెట్టగలిగితే, ఏ లినక్స్ చెయ్యలేని మేలు ఒక ర్యామ్ స్టిక్ చేస్తుంది. ఎన్270 నెట్‌బుక్‌లో సాధారణంగా ఒకటే స్లాట్ ఉంటుంది, 2 జీబీ వరకు పడుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట సెకండ్ హ్యాండ్ డీడీఆర్2 స్టిక్కులు వెతికితే దొరుకుతాయి. పాత స్టిక్కుని వెంట తీసుకెళ్లండి. డీడీఆర్, డీడీఆర్2, డీడీఆర్3 మూడింటికీ గాటు వేరు వేరు చోట ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. కోర్ 2 డ్యూయో మెషీన్‌కైతే ర్యామ్ తర్వాత చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి వేస్తే, ఆన్ అయ్యే తీరే మారిపోతుంది.

ఎవరు మారకూడదు

డీటీపీ పని చేసేవాళ్లు, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లున్నవాళ్లు ఆ మెషీన్‌ని కదపకండి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, లినక్స్‌లో ఆ ఫైళ్లు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. అదే మెషీన్‌లో విండోస్ ఉంచి నెట్ వైరు తీసేయండి, ఫైళ్లని మాత్రం ఇంకో చోట కాపీ పెట్టుకోండి. ట్యాలీలో లెక్కలు రాసుకునే కొట్లదీ అదే మాట. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనూ, విండోస్ 7కి 2020 జనవరిలోనూ మద్దతు ఆగిపోయింది కాబట్టి వాటిని నెట్‌కి తగిలించి ఉంచడమే ప్రమాదం.

రోజంతా ఆన్‌లో ఉంచే పెంటియం 4లకి కరెంటు బిల్లు కూడా లెక్క వేసుకోండి. ఆ ప్రాసెసర్లు బాగా వేడెక్కేవి, వాటితోపాటు పాత డబ్బా మానిటర్ కూడా ఉంటే ఇంకా ఎక్కువ. రోజుకి గంటో రెండు గంటలో రాసుకునే పెదనాన్నగారికి పర్వాలేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా నడవాల్సిన కొట్టుకైతే సెకండ్ హ్యాండ్‌లో కాస్త కొత్త మెషీన్ కొనుక్కోవడమే నయం.

ఇక ప్రింటర్. మన జెరాక్స్ షాపుల్లో, ఇళ్లలో ఎక్కువగా కనిపించే రెండింటిలో హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి హెచ్‌పీలిప్ అనే లినక్స్ డ్రైవర్‌తోపాటు దాని ప్లగిన్ కూడా దింపుకోవాలి. ఆ ప్రింటర్ ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచే ఫర్మ్‌వేర్ ఎక్కించుకుంటుంది. క్యానన్ ఎల్‌బీపీ 2900 లినక్స్‌లో ఇంకా మొండిది, దాని డ్రైవర్ కుదిరేదాకా ఓపిక కావాలి. అందుకే డిస్క్‌ని చెరిపేముందు, లైవ్‌లో ఉన్నప్పుడే ప్రింటర్ తగిలించి ఒక తెలుగు పేజీ తీసి చూడండి. పెదనాన్నగారి దగ్గర ప్రింటర్ లేదు. ఆయన వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ పట్టుకుని వీధి చివర షాపుకి వెళ్లి, ఆ వారం ఎక్కించిన పద్యాలు ప్రింట్ తీయించుకుని, ఎర్ర సిరా పెన్నుతో దిద్దుకుంటున్నారు. మొదటి నోటుబుక్కు పూర్తయింది.